రసీదు తిప్పి చూడండి!
పార్సిల్ పోయాక తెలుస్తున్న నిబంధనలు.. బుకింగ్ వేళ ఒక్క గడి నింపకపోవడమే కొంప ముంచుతోంది

వేసవి వచ్చిందంటే చాలు.. పార్సిల్ కౌంటర్లన్నీ కిటకిటలాడుతుంటాయి. పట్నంలో చదువుకుంటున్న కొడుక్కి ఆవకాయ, కాపురానికి వెళ్లిన కూతురికి అప్పడాలు, వడియాలు, బంధువులకు మామిడి పండ్ల బుట్టలు. పెళ్లిళ్ల కాలంలో అయితే చీరలు, శుభలేఖల కట్టలు. ఉద్యోగాల ప్రకటన వెలువడితే ధ్రువపత్రాలు. కౌంటర్లోని గుమస్తా బరువు తూచి, చిరునామా రాసుకుని, చేతిలో ఓ రసీదు పెడతాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదారి పడతాం. పార్సిల్ చేరితే ఆ కాగితం చెత్తబుట్టలోకి వెళుతుంది.

చేరకపోతేనే అసలు కథ మొదలవుతుంది. పది రోజులు కౌంటరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాక, 'మా నిబంధనల ప్రకారం మీకు వచ్చేది ఇంతే' అంటూ సిబ్బంది ఆ రసీదునే తిప్పి చూపిస్తారు. భూతద్దం ఉంటే తప్ప కనిపించని అక్షరాల్లో రాసి ఉన్న షరతులు అప్పుడు గాని కంటపడవు. వేల రూపాయల సరకు పోగొట్టుకున్నవారికి వందలు కూడా దక్కని పరిస్థితి. ఇది కేవలం సిబ్బంది నిర్లక్ష్యమో, మొండితనమో అనుకుంటే పొరపాటే. ఆ నిబంధనల్లో కొన్నింటికి చట్టం అండ ఉంది. మరికొన్నింటికి లేదు. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న తేడా తెలియకపోవడం వల్లే సామాన్యుడు నష్టపోతున్నాడు. ఆ తేడాను విశదీకరించే కథనమిది.

పది రెట్లే పరిమితి

రోడ్డు మార్గంలో సరకు చేరవేసే లారీ ట్రాన్స్‌పోర్టు సంస్థలు, కొరియర్ సంస్థలు ఇప్పుడు 2007 నాటి రోడ్డు రవాణా సరకుల చట్టం పరిధిలోకి వస్తాయి. 1865 నాటి బ్రిటిష్ కాలపు క్యారియర్స్ చట్టం స్థానంలో తెచ్చిన ఈ చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి వద్ద తీసుకుని ఇంటి వద్ద అప్పగించే కొరియర్ ఏజెన్సీలను కూడా ఇందులో స్పష్టంగా చేర్చారు.

ఈ చట్టం కింద రూపొందించిన 2011 నిబంధనల్లో ఓ కీలక అంశముంది. సరకు పోయినా, పాడైనా రవాణా సంస్థ చెల్లించాల్సిన పరిహారం.. వినియోగదారుడు కట్టిన రవాణా ఛార్జీకి పది రెట్లకు మించదు. అది కూడా బుకింగ్ సమయంలో ప్రకటించిన సరకు విలువను దాటకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మంగళగిరికి చెందిన ఓ నేత కుటుంబం రూ.9,000 విలువైన పట్టుచీరను విశాఖపట్నంలోని ఖాతాదారుకు పంపిందనుకుందాం. ఛార్జీ రూ.150. చీర దారిలో మాయమైతే నిబంధన ప్రకారం వచ్చేది గరిష్ఠంగా రూ.1,500. మిగిలిన రూ.7,500 నేతన్న నెత్తినే పడుతుంది. మగ్గంపై రోజుల తరబడి చేసిన శ్రమకు దక్కేది అంతే.

మరి దీనికి విరుగుడు లేదా? ఉంది. అదే చట్టంలోని పదో సెక్షన్‌లో ఉంది. సరకు పంపేవారు అసలు విలువను ప్రకటించి, సంస్థ నిర్ణయించిన అధిక రిస్కు ఛార్జీని చెల్లించేందుకు స్పష్టంగా ఒప్పుకుంటే ఈ పది రెట్ల పరిమితి వర్తించదు. లారీ రసీదులపై 'ఓనర్స్ రిస్క్', 'క్యారియర్స్ రిస్క్' అని రెండు మాటలు కనిపిస్తుంటాయి. మొదటి దానిపై టిక్కు పెడితే రిస్కు సరకు యజమానిదని అర్థం. రెండో దానిపై పెడితే సంస్థదే. చాలా కౌంటర్లలో ఈ ప్రశ్నే అడగరు. గుమస్తా తనంతట తానే మొదటి గడిలో టిక్కు పెట్టేస్తాడు. అడిగితే తప్ప రెండోదొకటి ఉందని చెప్పేవారుండరు.

ఇక్కడే మరో పొరపాటు జరుగుతోంది. ఛార్జీ పెరుగుతుందనో, తనిఖీల్లో ఇబ్బందనో భయపడి చాలామంది సరకు విలువను కావాలనే తక్కువ చేసి రాస్తుంటారు. రూ.9,000 చీరకు రూ.500 అని రాస్తే ఇక ఆ పార్సిల్ విలువ చట్టం దృష్టిలో రూ.500 మాత్రమే. తర్వాత దుకాణం బిల్లు చూపించి మొత్తుకున్నా ప్రయోజనం అంతంతమాత్రమే.

సంతకం పెట్టారా.. అంతే సంగతులు

'చిన్న అక్షరాల్లో రాసిన షరతులు చెల్లుతాయా?' అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భారతి నిట్టింగ్ కంపెనీ అనే దుస్తుల ఎగుమతి సంస్థ 1990లో జర్మనీలోని కొనుగోలుదారుకు సరకు పంపింది. ఆ సరకుకు సంబంధించిన పత్రాలను ఓ అంతర్జాతీయ కొరియర్ సంస్థకు అప్పగించింది. పత్రాలు చేరలేదు. నకళ్లు పంపేసరికి వేసవి దుస్తుల సీజన్ దాటిపోయింది. కొనుగోలుదారు పూర్తి మొత్తం ఇవ్వడానికి నిరాకరించాడు. ఎగుమతి సంస్థ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించింది. రాష్ట్ర కమిషన్ లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పగా, జాతీయ కమిషన్ దాన్ని రసీదులో రాసి ఉన్న 100 డాలర్లకు తగ్గించింది. 1996లో సుప్రీంకోర్టు సైతం దాన్నే సమర్థించింది. సంతకం చేసిన ఒప్పందానికి ఇరుపక్షాలూ కట్టుబడాల్సిందేనని తేల్చింది.

ఈ తీర్పు కొరియర్ సంస్థలకు కొండంత అండగా మారింది. అయితే అందులోని కీలకాన్ని వినియోగదారులు గుర్తించాలి. తీర్పుకు ఆధారం సంతకం. షరతులున్న పత్రంపై పంపినవారు సంతకం చేశారు కాబట్టి వాటికి ఒప్పుకున్నట్లే అన్నది అక్కడి తర్కం. అందుకే పరిహారం కోసం వచ్చే వివాదాల్లో రసీదుపై సంతకం ఉందా, షరతులను చదివే అవకాశం ఇచ్చారా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలుగా మారతాయి. 'ఇక్కడ సంతకం పెట్టండి' అనగానే కలం తీసేముందు కాగితం వెనక్కు తిప్పి ఒక్క నిమిషం చదవడం ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తపాలా శాఖకు ప్రత్యేక రక్షణ

ప్రైవేటు సంస్థలను నమ్మలేక తపాలా కార్యాలయానికి వెళ్లేవారు ఎక్కువే. మారుమూల పల్లెకు సైతం చేరేది అదొక్కటే. స్పీడ్ పోస్టు 1986 ఆగస్టు 1న మొదలైంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. తపాలా సేవల విస్తృతిలో తిరుగులేదు గానీ పరిహారం విషయంలో చట్టం ఆ శాఖకు ప్రత్యేక రక్షణ కల్పించింది.

1898 నాటి తపాలా చట్టంలోని ఆరో సెక్షన్ ప్రకారం ఉత్తరం పోయినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత ఉండేది కాదు. ఉద్యోగి మోసంతోనో, ఉద్దేశపూర్వకంగానో చేశాడని నిరూపిస్తే ఆ ఉద్యోగి మాత్రమే బాధ్యుడు. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన 2023 తపాలా చట్టం పాతదాన్ని రద్దు చేసింది. కానీ పదో సెక్షన్‌లో ఈ రక్షణను కొనసాగించింది. నియమాల్లో పేర్కొన్న మేరకు తప్ప తపాలా శాఖకు మరే బాధ్యతా ఉండదన్నది దాని సారాంశం.

స్పీడ్ పోస్టు విషయంలో చాలాకాలంగా అమలైన నియమం ఏమిటంటే.. ఆలస్యమైతే కట్టిన ఛార్జీ వాపసు. పోయినా, పాడైనా ఛార్జీకి రెట్టింపు లేదా రూ.1,000.. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. అసలు డిగ్రీ పట్టా పోగొట్టుకున్న నిరుద్యోగికి ఈ లెక్కన వచ్చే మొత్తం నకలు పట్టా కోసం విశ్వవిద్యాలయానికి వెళ్లి వచ్చే బస్సు ఛార్జీలకైనా సరిపోదు. అందుకే విలువైన వస్తువు పంపేటప్పుడు తపాలా కార్యాలయంలో ఇన్సూరెన్సు సౌకర్యం వాడుకోవాలి. అదనపు రుసుముతో వస్తువు విలువకు రక్షణ లభిస్తుంది. అసలు ధ్రువపత్రాలకైతే ఏ ఇన్సూరెన్సూ పూర్తి విరుగుడు కాదు. తప్పనిసరైతే తప్ప వాటిని పంపకపోవడమే మేలు.

రైలెక్కిన బండి.. కిలోల లెక్క

ఉద్యోగం మారి మరో నగరానికి వెళ్లేవారు ద్విచక్ర వాహనాన్ని రైల్లో పార్సిల్ వేయడం మామూలే. పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు ఇవ్వాలి, గోనెసంచులతో చక్కగా చుట్టించాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. విలువ ప్రకటించే గడి దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తున్నారు.

1989 రైల్వే చట్టంలోని 103వ సెక్షన్ ప్రకారం విలువ ప్రకటించని సరకుకు రైల్వే బాధ్యత బరువు ఆధారంగానే ఉంటుంది. 1990లో రూపొందించిన నిబంధనల్లో పార్సిల్‌కు కిలోకు రూ.50, లగేజీకి కిలోకు రూ.100గా దాన్ని నిర్ణయించారు. 110 కిలోల బండి పోతే ఈ లెక్కన చేతికి వచ్చేది రూ.5,500. అదే విలువను ప్రకటించి, దానిపై నిర్ణీత శాతం రుసుము కడితే ప్రకటించిన విలువ మేరకు అడిగే హక్కు వస్తుంది. నష్టం జరిగితే సరకు అప్పగించిన నాటి నుంచి ఆరు నెలల్లోగా రైల్వేకు రాతపూర్వకంగా క్లెయిము నోటీసు ఇవ్వాలి. అది దాటితే రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ తలుపు తట్టినా ఫలితం ఉండదు.

విమానంలో వెళ్లే సరకుకూ సాధారణంగా బరువు లెక్కనే పరిమితి ఉంటుంది. అంటే రోడ్డు, తపాలా, రైలు, విమానం.. దారి ఏదైనా సూత్రం ఒక్కటే. పంపేవారు నోరు తెరిచి విలువ చెప్పకపోతే చట్టం కూడా ఆ పార్సిల్‌ను విలువ లేని మూటగానే చూస్తుంది.

బరువు 2 కిలోలు.. ఛార్జీ 7 కిలోలకు

వినియోగదారులకు మంట పుట్టించే మరో నిబంధన 'వాల్యూమెట్రిక్ బరువు'. ఇంట్లో తూకం వేసి రెండు కిలోలే ఉందని నిశ్చింతగా వెళితే, కౌంటర్లో టేపు తీసి పెట్టెను కొలిచి ఏడు కిలోల ఛార్జీ వసూలు చేస్తారు. ఇది మోసమని గొడవపడేవారు కోకొల్లలు. నిజానికి ఇది ప్రపంచవ్యాప్తంగా ఉన్న పద్ధతి. విమానంలోనైనా, వ్యానులోనైనా బరువుతో పాటు చోటు కూడా ఖర్చే. దూదిమూట తేలికే అయినా ఆక్రమించే స్థలం ఎక్కువ.

లెక్క ఇలా ఉంటుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న పెట్టెకు 36,000 వస్తుంది. దాన్ని 5,000తో భాగిస్తే 7.2 కిలోలు. అసలు బరువు, ఈ లెక్కలో వచ్చిన బరువు.. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. కొన్ని సంస్థలు భాగించే అంకెను మార్చుకుంటాయి. కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. వడియాలు, అప్పడాలు, మరమరాల ఉండలు, కొండపల్లి బొమ్మల వంటి తేలికైనవి పంపేవారికి ఈ నిబంధన గట్టిగా తగులుతుంది. సరిపోయేంత చిన్న పెట్టె ఎంచుకోవడమే దీనికి పరిష్కారం. అలాగని బొమ్మల చుట్టూ మెత్తటి కాగితం పెట్టకుండా ఇరికిస్తే మాత్రం మొదటికే మోసం. వస్తువు పగిలినప్పుడు సంస్థలు చెప్పే మొదటి మాట 'ప్యాకింగు సరిగా లేదు' అనే.

'తలుపు తాళం వేసి ఉంది'

ఇంట్లో అందరూ ఉన్నా 'డోర్ లాక్డ్' అంటూ సెల్‌ఫోన్‌కు సందేశం వస్తుంది. ఎవరూ వచ్చిన జాడే ఉండదు. మర్నాడు మళ్లీ అదే సందేశం. మూడోసారికి పార్సిల్ పంపినవారికే తిరుగుముఖం పడుతుంది. పట్టణాల్లో ఇది తరచూ వినిపించే ఫిర్యాదు. పల్లెల్లో సమస్య మరో రకం. 'మీ ఊరు మా డెలివరీ పరిధిలో లేదు, మండల కేంద్రానికి వచ్చి తీసుకెళ్లండి' అంటారు. ఇంటికి చేర్చేందుకు ఛార్జీ తీసుకున్నాక ఈ మాట అనడం సేవాలోపం కిందికే వస్తుంది. అయితే బుకింగ్ సమయంలో 'డోర్ డెలివరీ' అని రాశారా, 'గోడౌన్ డెలివరీ' అని రాశారా అన్నది చూసుకోవాలి. రెండోదైతే వెళ్లి తెచ్చుకోవాల్సిన బాధ్యత మనదే.

ఇందులో చిరునామాల సమస్యా ఉంది. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ ఒక డెలివరీ తపాలా కార్యాలయాన్ని మాత్రమే గుర్తిస్తుంది, ఇంటిని కాదు. ఒకే పిన్‌కోడ్ కింద అనేక గ్రామాలుంటాయి. 'రామాలయం వెనుక వీధి' అన్న చిరునామా ఊరి పోస్టుమ్యాన్‌కు చాలు. నగరం నుంచి కొత్తగా వచ్చిన కొరియర్ కుర్రాడికి చాలదు. ఈ ఇబ్బందిని తొలగించేందుకు తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాల సహకారంతో 'డిజిపిన్' విధానాన్ని రూపొందించి 2025 మేలో విడుదల చేసింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విభజించి, ఒక్కో చదరానికి పది అక్షరాంకాల గుర్తింపు ఇచ్చారు. ఇంటి ముంగిలికే ఓ గుర్తు ఏర్పడినట్లు.

తీసుకోవడంలో జాప్యం చేసినా నష్టమే. రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరకు తీసుకెళ్లమని సంస్థ నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో రాకపోతే దాన్ని ఎవరూ కోరని సరకుగా పరిగణించవచ్చు. మామిడి పండ్ల వంటి త్వరగా పాడయ్యే వాటికి ఈ గడువు 24 గంటలే. ఆ తర్వాత చట్టంలోని పద్ధతి ప్రకారం అమ్ముకునే హక్కు కూడా సంస్థకు ఉంది. గోడౌన్‌లో ఉంచినందుకు డెమరేజీ అదనం.

సముద్రాలు దాటే ఆవకాయ

తెలుగునాట అమెరికాకు పార్సిల్ పంపని వీధి ఉండదంటే అతిశయోక్తి కాదు. ఇక్కడి కౌంటర్లో ఎదురయ్యే ఆంక్షల్లో చాలావరకు అక్కడి ప్రభుత్వానివి. ఆహార పదార్థాలు వస్తున్నట్లు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వాలన్న నిబంధన 2003 డిసెంబరు నుంచి ఉంది. విశేషమేమిటంటే.. ఒక వ్యక్తి తన ఇంట్లో స్వయంగా తయారు చేసి మరో వ్యక్తికి కానుకగా పంపే ఆహారానికి దీన్నుంచి మినహాయింపు ఉంది. అమ్మ చేతి ఆవకాయకు ఉన్న ఈ వెసులుబాటు దుకాణంలో కొన్న పూతరేకులకు ఉండదు. మాంసంతో చేసిన పచ్చళ్ల విషయంలో అక్కడి వ్యవసాయ శాఖ ఆంక్షలు వేరే ఉన్నాయి. వాటిని పంపి పోగొట్టుకుంటున్నవారు ఎందరో.

నిబంధనలు రాత్రికి రాత్రే మారే ప్రమాదమూ ఉంది. 800 డాలర్ల లోపు విలువైన పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి బుకింగులను నిలిపివేసింది. అక్టోబరు 15న గానీ సేవలు పునఃప్రారంభం కాలేదు. దసరాకు చేరాల్సిన చీరలు, పిండివంటలు పంపలేక ఎన్నో కుటుంబాలు ఉసూరుమన్నాయి. అందుకే విదేశాలకు పంపేటప్పుడు నిరుడు పనికొచ్చిన నిబంధనే ఈ ఏడూ ఉంటుందని భావించరాదు.

ఇంకో మాట. అత్తరు సీసాలు, విడి లిథియం బ్యాటరీలు, అగ్గిపెట్టెలు, బాణసంచా వంటివి విమానంలో ప్రమాదకరం. సంస్థలు వీటిని నిరాకరించడం వేధింపు కాదు. చీరల మడతల్లో దాచి పంపితే మొత్తం పార్సిలే ఆగిపోతుంది.

ఏది చెల్లదు?

ఇంతవరకు చెప్పినవి చట్టం అండ ఉన్న నిబంధనలు. రసీదు వెనుక రాసినవన్నీ వేదవాక్కులు మాత్రం కావు.

'వివాదాలు ఫలానా నగరంలోని కోర్టుల పరిధిలోనే పరిష్కరించుకోవాలి' అన్న వాక్యం చాలా రసీదులపై ఉంటుంది. దీన్ని చూసి జిల్లావాసులు ఆదిలోనే నీరుగారిపోతుంటారు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఢిల్లీకో, ముంబయికో వెళ్లాల్సిన పనిలేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. రూ.5 లక్షల లోపు ప్రతిఫలం చెల్లించిన సేవలకు ఫిర్యాదు రుసుము లేదు. పార్సిల్ ఛార్జీ ఎలాగూ ఆ లోపే ఉంటుంది.

'ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయకపోతే మీ హక్కు పోయినట్లే' అన్న షరతూ కనిపిస్తుంటుంది. చట్టం ఇచ్చిన గడువును కుదించి హక్కును హరించే ఒప్పందాలు చెల్లవని భారత కాంట్రాక్టు చట్టంలోని 28వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించేందుకు సాధారణ గడువు రెండేళ్లు. అయితే రోడ్డు రవాణా సంస్థపై చర్యకు ముందు, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వడం తప్పనిసరి. ఫోనులో ఎన్నిసార్లు మొత్తుకున్నా అది నోటీసు కాదు. ఈ ఒక్క అడుగు మరిచిపోవడం వల్లే గట్టి కేసులు కూడా వీగిపోయే ప్రమాదముంది.

'మా నిర్లక్ష్యం ఉందని మీరే నిరూపించండి' అన్న వాదనా నిలవదు. సరకు పోయినా, పాడైనా సంస్థ నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన భారం ఫిర్యాదుదారుపై లేదని రోడ్డు రవాణా చట్టమే చెబుతోంది. సరకు అప్పగించినట్లు రసీదు ఉంటే చాలు. దాన్ని ఏం చేశారో చెప్పుకోవాల్సింది సంస్థే.

'పార్సిల్ అందుకోవాల్సినవారు మా ఖాతాదారులు కారు' అనడమూ సరికాదు. పంపినవారి సమ్మతితో సేవ పొందేవారు సైతం చట్టం దృష్టిలో వినియోగదారులే. కేవలం వ్యాపారం కోసం సేవ పొందేవారికి ఈ చట్టం వర్తించదు గానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి మినహాయింపు ఉంది. మగ్గం నేసుకునే నేతన్న, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే మహిళ ఈ కోవలోకే వస్తారు.

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు విషయంలో దారి వేరు. అక్కడ కొరియర్‌ను ఎంచుకున్నది అమ్మకందారే. కాబట్టి కొరియర్ కార్యాలయం చుట్టూ తిరగకుండా విక్రయ సంస్థనే నిలదీయాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి.

ఇలా చేస్తే మేలు..

* సరకు అసలు విలువనే రాయించండి. కొన్న బిల్లు నకలు దగ్గర ఉంచుకోండి. విలువైనదైతే 'క్యారియర్స్ రిస్క్' లేదా ఇన్సూరెన్సు కావాలని నోటితో కాదు, రసీదుపైనే అడగండి.

* ప్యాక్ చేసే ముందు, చేశాక సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీయండి. పెట్టె లోపల కూడా చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచండి. పైన అతికించిన చీటీ ఊడిపోయినా పార్సిల్ దారి తప్పదు.

* పగటిపూట ఇంట్లో ఉండేవారి ఫోన్ నంబరే రాయండి. ఓటీపీ ఎక్కడో ఆఫీసులో ఉన్న కుమారుడికి వెళితే ఇంట్లో ఉన్న పెద్దలు పార్సిల్ తీసుకోలేరు.

* అందుకునేటప్పుడు పెట్టె నలిగినా, టేపు చిరిగినా సంతకానికి ముందే ఆ విషయం రాయండి. 'సరకు బాగుంది' అన్న కాగితంపై చూడకుండా సంతకం చేస్తే తర్వాత వాదించడం కష్టం.

* పార్సిల్ రాకపోతే ట్రాకింగ్ వివరాలను వెంటనే ఫొటో తీసి ఉంచండి. రసీదు నంబరు, తేదీ, విలువ, నష్టం వివరాలతో లేఖను స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపండి.

* స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తపాలా సేవలపై ఫిర్యాదులకు 1800 266 6868 ఉచిత నంబరు ఉంది. అప్పటికీ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేరుగా లేదా ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయొచ్చు.

కౌంటర్లో గడిపేది అయిదు నిమిషాలు. అందులో ఒక్క నిమిషం రసీదు తిప్పి చదవడానికి, మరో నిమిషం విలువ గడి నింపించడానికి కేటాయిస్తే చాలు. సంస్థలు సైతం షరతులను తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో ముద్రించి, రిస్కు ఎవరిదో బుకింగ్ వేళే అడిగితే సగం తగాదాలు అక్కడే సమసిపోతాయి. అంతవరకు ఆ చిన్న కాగితాన్ని పార్సిల్ చేరేదాకా భద్రంగా దాచుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.